ఫ్రెంచి భాషాభ్యాసానికి పట్టే కాలం

ఫ్రెంచి భాషలో ధారాళంగా సంభాషించగలగడానికి పట్టే కాలాన్ని నెలలలో కంటే గంటలలో లెక్కించడం సమంజసం. ఐరోపా దేశాలు అనుసరించే ప్రమాణాల ప్రకారం భాషాపరిజ్ఞానం ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అనే ఆరు స్థాయిలుగా విభజింపబడినది. పరిచితమైన విషయాలపై తడుముకొంటూనైనా సంభాషణ సాగించగలిగితే అది బి1. ఆ భాషవారితో ఇరుపక్షాలకూ శ్రమ లేకుండా మాట్లాడగలిగితే అది బి2. జనం వాడుకలో "భాష వచ్చింది" అనేది ఈ రెండింటి నడుమ ఉంటుంది. అలయన్స్ ఫ్రాన్సేజ్ సంస్థ అంచనాలో బి1 చేరడానికి మొదటినుండి మొత్తం 360-400 బోధనాగంటలు, బి2 చేరడానికి 560-650 గంటలు అవసరమవుతాయి.

గంటల లెక్క

రోజుకొక గంట తప్పకుండా చదివేవారికి బి1 చేరడానికి సుమారు ఒక సంవత్సరం పడుతుంది. శని, ఆదివారాలలో కలిపి నాలుగు గంటలు మాత్రమే తరగతికి వెళ్ళేవారికి అదే స్థాయికి దాదాపు రెండేళ్ళు కావాలి. బస్టాండు దుకాణాలలో దొరికే "30 రోజులలో" తరహా పుస్తకాలను రోజుకు గంట చొప్పున చదివితే అయ్యేది 30 గంటలు. ఎ1 స్థాయికే కనీసం 60 గంటలు కావాలి కనుక ఆ పేరును అక్షరాలా నమ్మరాదు.

అమెరికా విదేశాంగ శాఖకు చెందిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తన ఉద్యోగులకు ఫ్రెంచి నేర్పడానికి 30 వారాలు కేటాయిస్తుంది. తెలుగుకు అదే సంస్థ 44 వారాలు అవసరమని చెప్పడం గమనార్హం. అయితే ఈ లెక్కలు ఆంగ్లం మాతృభాషగా గలవారికి, రోజంతా అదే పనిగా చదివేవారికి సంబంధించినవి. లక్ష్యం కూడా సాధారణ సంభాషణ కాదు, వృత్తి వ్యవహారాలు నడపగల స్థాయి. వీటిని తెలుగువారికి యథాతథంగా అన్వయించలేము.

తెలుగువారికి సులువు, కష్టం

ఆంగ్లేయులకు లేని కొన్ని అనుకూలతలు తెలుగువారికి ఉన్నాయి. ఫ్రెంచి ప, త, క ధ్వనులు తెలుగువాటికి చాలా దగ్గర. ఫ్రెంచి త దంత్యమే. ఆంగ్లం ద్వారా నేర్చుకొనేవారు అలవాటు కొద్దీ దానిని ట అని పలికి, ఉన్న సౌలభ్యాన్ని పోగొట్టుకొంటారు. "మీరు", "నువ్వు" అనే భేదం ఫ్రెంచిలోనూ "వూ", "త్యు" అని ఉన్నది. ఇక సంధి తెలుగువారికి కొత్త కాదు. "లె", "అమి" అనే మాటలు కలిస్తే "లెజమి" (స్నేహితులు) అవుతుంది; విడిగా పలకని అక్షరం అచ్చు పరమైనప్పుడు పలుకుతుంది. అచ్చు ముందు అచ్చు లోపించే పద్ధతి కూడా ఉన్నది. ఉత్వసంధి చదువుకొన్నవారికి దీనిని వేరుగా వివరించనవసరం లేదు.

ఫ్రెంచి అనునాసిక అచ్చులను తెలుగులో వ్రాయడానికి అరసున్న చక్కగా సరిపోతుంది: "బోఁ" (మంచి), "వాఁ" (గాలి). నేటి వాడుక తెలుగులో అరసున్న ఉచ్చారణ లేదు కనుక పలకడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసినదే. "త్యు"లోని అచ్చు ఇంకా కష్టం. పెదవులను "ఊ"కు వలె గుండ్రంగా ఉంచి "ఈ" అనాలి.

లింగభేదం వద్ద ఎక్కువ కాలం ఖర్చవుతుంది. తెలుగులో వస్తువులన్నీ అమహత్తులు. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, సూర్యుడు పుంలింగం, చంద్రుడు స్త్రీలింగం. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో చదివేవారికి ఇటువంటి వింత కొత్త కాదు, సంస్కృతంలో భార్య అనే అర్థం గల "దార" శబ్దం పుంలింగమే కదా. సంఖ్యలలో 70ని "అరవైపది" అని, 80ని "నాలుగిరవైలు" అని, 99ని "నాలుగిరవైల పందొమ్మిది" అని చెప్పాలి. వ్యాకరణం బాగా వచ్చినవారు సైతం ధర అడిగి జవాబు అర్థం కాక నిలబడిపోయేది ఇక్కడే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో

ఈ ప్రాంతంలో బహుభాషా పరిజ్ఞానం సాధారణం. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం పరిసరాలలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం వినిపిస్తాయి. తిరుపతిలో యాత్రికులతో వ్యవహరించేవారు ఈ భాషలను బడికి వెళ్ళకుండానే నేర్చుకొంటారు. అంగడిలో, బస్సులో, బంధువుల ఇళ్ళలో గడిచే వేల గంటలను ఎవరూ లెక్కించరు కనుక ఆ భాషలు వాటంతట అవే వచ్చినట్లు కనిపిస్తాయి. ఫ్రెంచికి ఇక్కడ అటువంటి అంగడి లేదు. వినవలసిన ప్రతి గంటనూ అభ్యాసకుడే సమకూర్చుకోవాలి. దగ్గరలో చెన్నై, పుదుచ్చేరి నగరాలలో అలయన్స్ ఫ్రాన్సేజ్ కేంద్రాలున్నాయి. తెలుగునాట ఫ్రెంచి పాలన సాగిన యానాంలో ఆ పాలనాకాలంలో అది కచేరీ భాష. అక్కడివారికి మాట్లాడే అవసరం ఊరిలోనే ఉండేది.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1911లో ఇంగ్లండు వెళ్ళి, 1920లో పారిస్‌లో ఉండి ఫ్రెంచి నేర్చుకొన్నారు. తరువాతి కాలంలో ఆయన ఫ్రెంచిలో సంభాషించగలిగేవారు. వాడుక లేక, చిన్ననాటి తెలుగును మాత్రం మరచిపోయారు.

కెనడా వలసలు, పరీక్షలు

2023 నుండి కెనడా తన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేక వర్గంగా ఎంపిక చేయడం మొదలుపెట్టింది. ఇందుకు టెఫ్ కెనడా లేదా టిసిఎఫ్ కెనడా పరీక్షలో వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం అనే నాలుగింటిలోనూ ఏడవ స్థాయి రావాలి. ఇది సుమారుగా బి2తో సమానం. అంటే రోజుకు మూడు గంటల చొప్పున ఇంచుమించు 200 రోజులు. ఉద్యోగం చేస్తూ వారాంతపు తరగతులపైనే ఆధారపడేవారికి మూడేళ్ళ పని. ఆరు నెలలలో వస్తుందని తలచి ఉద్యోగం మానడం, రుసుములు కట్టడం చేసేవారు మొదట చూసుకోవలసిన లెక్క ఇదే. పైగా ఒక్క అంశంలో తగ్గినా ఈ వర్గానికి అర్హత రాదు. పరీక్షా ఫలితాలు రెండు సంవత్సరాలు మాత్రమే చెల్లుతాయి.