కడలి నుంచి కొండకు... ఏడు రోజులు

విశాఖ తీరంలో మొదలుపెట్టి గోస్తనీ నదికి ఎదురుగా అరకు దాకా మౌంటెన్ బైక్ యాత్ర. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఏం మోసుకెళ్లాలి, ఎవరిని అడిగి వెళ్లాలి?

విశాఖపట్నం నుంచి అరకుకు కారులో మూడు, నాలుగు గంటలు చాలు. ఆ కాసేపట్లోనే సముద్రమట్టం నుంచి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకు చేరిపోతాం. ఉప్పుగాలి ఎక్కడ తగ్గిందో, తాటిచెట్లు ఎక్కడ ఆగిపోయి సిల్వర్ ఓక్‌లు మొదలయ్యాయో, వరి మడులు ఎక్కడ చోడి (రాగి) చేలకు చోటిచ్చాయో ఏదీ పట్టించుకోం. అదే దారికి మౌంటెన్ బైక్ మీద ఒక వారం కేటాయిస్తే ప్రతి మార్పూ ఒంటికి తెలుస్తుంది. తూర్పు కనుమలు సముద్రానికి ఇంత దగ్గరగా వచ్చి నిలబడే చోట్లు మనకు అరుదు. సముద్రాన్నీ కొండనూ ఒకే ప్రయాణంలో చూడాలనుకునే సైకిల్‌ ప్రేమికులకు ఉత్తరాంధ్ర కంటే మంచి నేల వెతకాల్సిన పని లేదు.

మౌంటెన్ బైక్ ఆట పుట్టింది కూడా సముద్రం పక్కనున్న కొండ మీదే. 1970లలో కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో, పసిఫిక్ తీరాన ఉన్న టమాల్పాయస్ కొండ చుట్టుపక్కల కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్లతో మట్టిదారుల వెంట కిందికి దూసుకెళ్లేవారు. 1976లో అక్కడ మొదలైన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజంతా కాలిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. ఆ పేరు అలా వచ్చిందే. కొండ దిగడంలో బ్రేకుకున్న విలువ ఈ ఆటకు పుట్టుకతోనే తెలుసు.

నదినే దారిగా

యాత్ర అనగానే చాలామంది చూడాల్సిన ప్రదేశాల జాబితా రాస్తారు. తర్వాత వాటిని కలుపుతూ గీత గీస్తారు. అలా చేస్తే రోజుకు ఎనభై, తొంభై కిలోమీటర్లు పడతాయి, మూడో రోజుకే కాళ్లు మొరాయిస్తాయి. ఈ ప్రాంతంలో ఆ గీతను మనం గీయనక్కర్లేదు. గోస్తనీ ఎప్పుడో గీసిపెట్టింది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా దగ్గర సున్నపురాతిని తొలిచి గుహలు చేసి, తాటిపూడి జలాశయంలో ఆగి, పద్మనాభం మీదుగా సాగి, భీమునిపట్నం (భీమిలి) దగ్గర సముద్రంలో కలుస్తుంది. సుమారు 120 కిలోమీటర్ల నది. దాని మొగ దగ్గర మొదలుపెట్టి పుట్టిన కొండల వైపు ఎదురెక్కితే యాత్రకు ఒక వరస వస్తుంది. ముందు చదును, తర్వాత చిన్న మిట్టలు, ఆ తర్వాతే ఘాట్. మన ఒంటికి కావలసిన క్రమమూ అదే.

ఎప్పుడు బయల్దేరాలి?

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో ఈ ప్రాంతం మరచిపోలేదు. పైగా వానకు నానిన ఎర్రమట్టి చక్రాలకు పట్టుకుంటే వదలదు. తడి బాట మీద తొక్కితే గాడి పడుతుంది, తర్వాతి వానకు అదే కాలువ అవుతుంది. అందుకే నేల ఆరేదాకా ఆగాలి.

శనివారం బయల్దేరితే ఘాట్ ఎక్కే నాలుగో రోజు మంగళవారం అవుతుంది. వారాంతాల్లో అరకు దారి నిండా పర్యాటకుల వాహనాలే. ఇరుకు మలుపుల్లో వాటితో పోటీ పడకూడదు. చలికాలంలో తీరం వెంట ఈశాన్యపు గాలి వీస్తుంది. విశాఖ నుంచి భీమిలి వైపు తొక్కేవారికి అది ఎదురుగాలి. కాబట్టి తెల్లవారుతూనే కదిలి, ఎండ ముదిరేలోపు సగం దారి అయిపోయేలా చూసుకోవాలి.

ఏడు రోజుల పంపకం

మొదటి రోజు విశాఖ నుంచి భీమిలి. తీరం వెంట ముప్పై కిలోమీటర్లలోపే. దారిలో తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు ఉన్నాయి. తొట్లకొండకు ఎక్కే దారి చిన్నదే అయినా గేర్లు సరిగా పడుతున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్లపాటు గాలి, నీరు, సముద్రం కలిసి కట్టిన ఈ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరాయి. చూడగానే సైకిల్ దింపాలనిపించే నేల అది. దింపకూడదు. ఒక్క టైరు గాడి చాలు, వర్షాకాలంలో అది కోతగా మారడానికి. సైకిల్ రోడ్డు మీద ఉంచి నడిచి చూడాలి.

రెండో రోజు భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసుకుని తగరపువలస, పద్మనాభం మీదుగా తాటిపూడి. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలు విడిచింది పద్మనాభంలోనే. యాభై కిలోమీటర్ల లోపు దూరం, పెద్దగా ఎక్కుళ్లు లేవు. మూడో రోజు తాటిపూడి పరిసరాల్లోని మట్టిదారుల్లో తీరిగ్గా తిరిగి శృంగవరపుకోట (ఎస్.కోట) చేరాలి. చాలామంది ఈ రోజును వృథా అనుకుని కొట్టేస్తారు. దయచేసి కొట్టేయకండి. మర్నాటి ఘాట్‌కు కాళ్లు సత్తువ కూడగట్టుకునే రోజు ఇది. వారం మొత్తాన్ని నిలబెట్టేది ఇదే.

నాలుగో రోజు అసలు పరీక్ష. ఎస్.కోట దాటాక బౌడారా, కాశీపట్నం మీదుగా అనంతగిరి వైపు ఎక్కుడు. దూరం అటూఇటూగా ముప్పై అయిదు కిలోమీటర్లే కానీ, ఎత్తు వందల మీటర్లలో పెరుగుతుంది. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత నింపాదిగా తొక్కాలి. మాట తెగి ఆయాసం వస్తోందంటే గేరు తగ్గించమని అర్థం. ప్రతి గంటకూ పది నిమిషాలు ఆగాలి. దాహం వేశాక తాగడం కాకుండా ముందునుంచీ గుక్కెడు గుక్కెడుగా ఉప్పు, నిమ్మకాయ కలిపిన నీళ్లు తాగాలి. చీకటి పడకముందే బస చేరాలి.

అయిదో రోజు కాఫీ తోటల మధ్య మట్టిబాటలు, బొర్రా గుహలు. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. డిసెంబరు, జనవరిలో వెళితే పళ్లు కోసే కాలం. తోటల దారుల్లో బుట్టలతో మనుషులు ఉంటారు, మెల్లగా వెళ్లాలి. ఆరో రోజు గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా అరకు. ఏడో రోజు ఖాళీ. వాన పడినా, టైరు చిరిగినా, ఒకరికి జ్వరమొచ్చినా ఈ రోజే ఆదుకుంటుంది. ఏమీ కాకపోతే లోయలో తిరిగి తిరుగు రైలెక్కవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరండోల్ మార్గం అది. సైకిల్‌ను పార్శిల్‌గా పంపే పద్ధతి ఏమిటో విశాఖ స్టేషన్‌లోనే ముందుగా కనుక్కోవాలి.

సైకిల్, సంచి

ఈ యాత్రకు ఖరీదైన సైకిల్ అవసరం లేదు. ముందు సస్పెన్షన్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, రెండు అంగుళాలకు పైబడిన టైర్లు ఉంటే చాలు. కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించుకునే బయల్దేరాలి, ఒక జత వెంట ఉంచుకోవాలి. దిగేటప్పుడు బ్రేకును ఆపకుండా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి.

రెండు ట్యూబులు, పంపు, చైన్ లింకు, గేరు హ్యాంగర్, చిన్న పనిముట్ల సెట్ తప్పనిసరి. హ్యాంగర్ ప్రతి సైకిల్‌కూ వేరు, ఎస్.కోటలో దొరుకుతుందని అనుకోవద్దు. తీరం వెంట తిరిగిన రోజు సాయంత్రం మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైన్‌కు నూనె వేయాలి. ఉప్పు ఇనుమును ఒక్క రాత్రి కూడా వదలదు. సంచి బరువు పది కిలోలు దాటకూడదు. అయితే అందులో స్వెటర్‌కూ దోమతెరకూ చోటుండాలి. తెల్లవారుజామున అరకు చలి కోస్తా వాళ్లకు కొత్త. మన్యంలో మలేరియా ఉంది కాబట్టి వెళ్లేముందు డాక్టరును కలవడం, తిరిగొచ్చాక జ్వరమొస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకోవడం మరవకూడదు. లోయల్లో సిగ్నల్ అందదు. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దించుకుని, ఏ రోజు ఎక్కడుంటారో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్లాలి.

అడిగి వెళ్లాలి

మ్యాపులో సన్నని గీతలా కనిపించే బాట ఎవరో ఒకరి పొలానికో, ఊటబావికో వెళ్లే దారి. బగత, కొండదొర, పోర్జ, కోటియా, వాల్మీకి వంటి తెగల వారి ఊళ్లు ఇవి. ఇక్కడి అడవులు వాళ్ల బతుకుదెరువు. బాట ఎక్కేముందు ఊళ్లో ఎవరైనా పెద్దవారిని పలకరించి, ‘ఈ దారిన వెళ్లవచ్చా?’ అని అడగడం కనీస మర్యాద. రిజర్వు అడవుల్లోకి, కంబాలకొండ వంటి అభయారణ్యాల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. ఎదురొచ్చే మనిషికి, పశువుకు, కట్టెలమోపుకు మనమే దిగి దారివ్వాలి. ఎక్కేవారికి దిగేవారు దారి వదలడం ఈ ఆటలో చాలాచోట్ల ఉన్న నియమం.

ఖర్చు కూడా అక్కడే పెట్టాలి. ఊళ్లోని బసలో ఉండి, అక్కడి చోడి అంబలి తాగి, సంతలో పండ్లు కొని, దారి తెలిసిన కుర్రవాణ్ని రోజు కూలికి వెంట పెట్టుకుంటే యాత్ర డబ్బు కొండమీదే ఉంటుంది. ప్లాస్టిక్ చెత్త మాత్రం మనతోనే కిందికి దిగాలి.

ఇప్పటి నుంచే

డిసెంబరులో వెళ్లాలంటే అక్టోబరులో కాళ్లు కదపాలి. వారానికి మూడు రోజులు గంటసేపు తొక్కుతూ, ఆదివారాలు దగ్గర్లోని కొండ ఎక్కుతూ, చివరి నెలలో వరసగా రెండేసి రోజులు బరువుతో తొక్కి చూడాలి. రెండో రోజు ఉదయం సైకిల్ ఎక్కబుద్ధవుతోందంటే ఒళ్లు సిద్ధమైనట్టే. జట్టు నలుగురికి మించకపోతే మంచిది. అందరిలో నెమ్మదైనవాళ్ల వేగమే జట్టు వేగం కావాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మౌంటెన్ బైక్ కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి దారి కోసం వాళ్లు హిమాలయాల దాకా వెళ్తున్నారు. అది తప్పేమీ కాదు. కానీ రెండొందల కిలోమీటర్లలో సముద్రాన్నీ, నదినీ, కాఫీ కొండనూ చూపించే దారి మన నేల మీదే ఉంది. మర్యాదగా తొక్కేవాళ్లు ఏటేటా వస్తుంటే ఊళ్లో బసలు నిలదొక్కుకుంటాయి, కుర్రాళ్లు పంక్చరు పనీ, దారి చూపే పనీ నేర్చుకుంటారు, సైకిళ్లకంటూ బాటలు గుర్తించమని అటవీశాఖను అడిగే గొంతులూ పెరుగుతాయి. ఈ చలికాలానికి ఒక శనివారం ఖాయం చేసుకోండి. ఆ బాటలను కాపాడుకోవాలన్న పట్టుదల వాటి మీద తొక్కినవాళ్లకే వస్తుంది.