కారు బ్యాటరీ సాయము

నెల్లూరునుండి మైపాడు సముద్రతీరమునకు మోటారుసైకిలుపైఁ బోవు స్త్రీలు నేఁడు కలరు. ప్రొద్దుగ్రుంకువేళ నచట బండి బ్యాటరీ చచ్చినచో, కారు బ్యాటరీ సాయము గొనవచ్చును. మొదట చేతిగాజులు తీయుఁడు. లోహపుగాజు ధనధ్రువమునకును ఇనుమునకును నడుమఁ దగిలినచో క్షణములోఁ గాఁగి చేయి కాల్చును. రెండు బ్యాటరీలును 12 వోల్టులవే యని చూచి, కారు ఇంజను నాపుఁడు. ఎఱ్ఱతీగను మొదట బండి ధనధ్రువమునకును, పిదప కారు ధనధ్రువమునకును తగిలింపుఁడు. నల్లతీగ యొకకొనను కారు ఋణధ్రువమునకును, రెండవకొనను బండి ఇంజనుమీఁది రంగులేని లోహమునకును తగిలింపవలయును, బ్యాటరీకిఁ గాదు. ఏలన, కడపటి కూడికయందు నిప్పురవ్వ లేచును. బ్యాటరీయొద్ద హైడ్రోజను వాయువున్నచో నంటుకొని ప్రేలవచ్చును. ఇంజను నడిచినపిమ్మటఁ దీగలను వెనుకవరుసలో విప్పుఁడు. చీఁకటి పడుచున్నదని తొందరపడకుఁడు. ఈ వరుసయే మీ కన్నులకు రక్ష.