కొండవాలు మీద ఇల్లు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళు చదునైన నేల మీద కట్టినవాళ్ళే అయి ఉంటారు. కొండ మీద కట్టి ఉంటే పెళ్ళి సంగతి ఎత్తేవారే కారు, ఇంటి సంగతితోనే సరిపెట్టేవారు.

మనలో చాలామంది వేసవి సెలవులకు పిల్లల్ని వెంటబెట్టుకుని సిమ్లా అనో, ధర్మశాల అనో, అంత దూరం ఎందుకులే అనుకుంటే అరకు అనో వెళ్ళి వస్తూనే ఉన్నాం. కారు మలుపు తిరిగినప్పుడల్లా కొండవాలున ఇళ్ళు కనబడతాయి. సన్నటి కాంక్రీటు స్తంభాల మీద నిలబడిన నాలుగైదంతస్తుల డాబాలు, ముందంతా అద్దాలు. "ఇలాంటి చోట మనకూ ఒక చిన్న ఇల్లుంటే!" అని అనుకోని ఇల్లాలు ఉండదు. అనుకోవడంలో తప్పేమీ లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో మాత్రం అనుకోవడంతోనే ఆగాలి లెండి. 1972 నాటి అక్కడి చట్టం ప్రకారం, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనడానికి వీల్లేదు. కొన్నా కొనకపోయినా, ఆ ఇళ్ళను చూసే చూపు ఒకటి ఉంది. అది తెలిస్తే ఏ ఇల్లు కొండకు సరిపడింది, ఏది కొండతో పోట్లాడుతోంది అన్నది మనమే చెప్పుకోవచ్చు. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు, వంటింటి తెలివి చాలు.

చేటలో బియ్యం కుప్పగా పోయండి. కుప్ప ఒక వాలులో నిలబడుతుంది, అంతకన్నా నిటారుగా నిలబడమన్నా నిలబడదు. ఇప్పుడు కుప్ప అడుగున ఒక గరిటెడు బియ్యం తీయండి. పైనున్న బియ్యం జారి వచ్చి ఆ ఖాళీని పూడుస్తుంది. కొండవాలును అడ్డంగా కోసి చదును చేసి ఇల్లు కట్టడమంటే, ఆ అడుగు గరిటెడు తీయడమే. కొండ వెంటనే జారదు. మట్టికి కొంత పట్టు ఉంటుంది, చెట్ల వేళ్ళు పట్టి ఉంచుతాయి. ఏడాది, రెండేళ్ళు, పదేళ్ళు ఏమీ కాదు. ఒక వానాకాలం రోజుల తరబడి ముసురు పట్టి మట్టి లోపలిదాకా నానుతుంది. నానిన మట్టి బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. ఆ రాత్రి జారుతుంది. ఇది ఎక్కడో హిమాలయాల సంగతి అనుకోకండి. 2024 ఆగస్టు 31న మన విజయవాడలో, మొగల్రాజపురంలో, కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి.

అందుకని కొండల్లో తెలిసినవాళ్ళు ఇంటికోసం వాలును కొయ్యరు, వాలుకోసం ఇంటిని మెట్లుమెట్లుగా విరుస్తారు. వంటగది ఒక మెట్టు, పడకగది రెండు మెట్ల పైన, ముందు గది నాలుగు మెట్ల కింద. మనకి ఇది అవస్థగా తోస్తుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నిజంగా అవస్థే. కాని కొండను ఎంత తక్కువ కోస్తే అంత మంచిది.

ఇక రెండో సంగతి నీళ్ళు. వాన నీళ్ళ మాట తర్వాత, ముందు మన నీళ్ళ మాట చెప్తాను. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? పట్నంలో మనం ఈ ప్రశ్న వేసుకోం, మురుగు కాలవ ఉంది కదా అని. కొండ ఊళ్ళలో చాలాచోట్ల సరైన మురుగు కాలవలు లేవు. గొయ్యి తవ్వి అందులోకి వదుల్తారు, అది నేలలోకి ఇంకిపోతుంది. పది ఇళ్ళ పల్లె అయితే కొండ ఓర్చుకుంటుంది. వందల హోటళ్ళు, వేల ఇళ్ళు రోజూ బకెట్లకొద్దీ కొండ కడుపులోకి పోస్తుంటే?

బదరీనాథ్ యాత్రకు వెళ్ళినవాళ్ళకి జోషీమఠ్ తెలిసే ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో సుమారు ఆరువేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు. అక్కడి నరసింహస్వామి గుడి చూడకుండా వచ్చే తెలుగువారు తక్కువ. ఆ ఊరు గట్టి రాతి మీద లేదు, ఎప్పుడో పూర్వం కొండ విరిగిపడిన ఇసుక, రాళ్ళ కుప్ప మీద ఉంది. ఈ సంగతి ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. నేల తట్టుకుంటుందో లేదో చూడకుండా పెద్ద కట్టడాలు కట్టవద్దనీ, వాన నీటికీ మురుగు నీటికీ సరైన కాలవలు వెయ్యాలనీ చెప్పింది. చెప్పిన కాగితం చెప్పినట్టే ఉండిపోయింది. 2023 జనవరిలో ఆ ఊళ్ళో ఎనిమిది వందలకు పైగా కట్టడాలకు పగుళ్ళు వచ్చాయి. వందలాది కుటుంబాలు చలికాలం నడుమ ఇల్లు వదిలి వెళ్ళవలసి వచ్చింది. సొరంగాల తవ్వకమే కారణమని కొందరు, కట్టడాల బరువని కొందరు వాదించుకున్నారు. నేలలోకి ఇంకిన నీళ్ళ పాత్ర మాత్రం పరిశీలించినవాళ్ళలో చాలామంది ఒప్పుకున్నదే. గోడ పగిలినప్పుడు పొయ్యి ఎక్కడికి మార్చాలి, పిల్లల పరీక్షలేం కావాలి అన్న బెంగ ఎవరి మీద పడిందో నేను మీకు చెప్పాలా?

మూడోది ఆ స్తంభాల సంగతి. వాలు మీద కట్టిన డాబాకు కొండవైపు స్తంభాలు పొట్టిగా ఉంటాయి, లోయవైపు స్తంభాలు పొడుగ్గా ఉంటాయి. చూడ్డానికి లోయవైపున్న పొడుగు స్తంభాలే భయం కలిగిస్తాయి. భూకంపం వస్తే చాలాసార్లు ముందు విరిగేది కొండవైపు పొట్టి స్తంభం! ఎందుకంటారా? ఒక పొడుగు కర్రనూ ఒక పొట్టి కర్రనూ నేలలో పాతి, రెండిటి తలలనూ ఒక పలకకు బిగించి, పలకను పక్కకు నెట్టండి. పొడుగు కర్ర వంగుతుంది. పొట్టిది వంగదు. వంగనిదాని మీదే బలమంతా పడుతుంది, అది పుటుక్కున విరుగుతుంది. ఇది తెలిసి లెక్క కట్టి ఇనుము సరిగ్గా వేసే ఇంజనీరు ఉంటే కాంక్రీటు ఇల్లూ నిలబడుతుంది. కాంక్రీటు చెడ్డదని నేను అనడం లేదు. పట్నంలో కట్టిన ప్లానునే మేస్త్రీ చేతికిచ్చి కొండ మీద కట్టమనడం చెడ్డది.

ఇంతవరకూ భయపెట్టాను. ఇప్పుడు మంచి మాట చెప్తాను.

ధర్మశాల ఉన్న కాంగ్రా లోయలో సిద్ధబాడి అని ఒక ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల మట్టితో, వెదురుతో, ఏటి రాళ్ళతో, పలకరాయి కప్పుతో కట్టిన కొత్త ఇళ్ళు కొన్ని కనబడతాయి. పాతకాలపు గుడిసెలు కావివి. లోపల చక్కటి వెలుతురు, అందమైన మెట్లు, గోడలోనే మలిచిన అరలు, కుదురైన స్నానాలగది. వీటిని కట్టించింది డీడీ కాంట్రాక్టర్ అనే ఆవిడ. కాంట్రాక్టర్ అనేది ఆవిడ వృత్తి అనుకునేరు, అది అత్తవారి ఇంటిపేరు! 1929లో అమెరికాలో పుట్టింది. తల్లిదండ్రులు ఇద్దరూ చిత్రకారులు. గుజరాతీ యువకుణ్ణి పెళ్ళి చేసుకుని 1951లో మన దేశానికి వచ్చి, నాసిక్‌లో ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసింది. తర్వాత బొంబాయిలో ఉండి, 1970లలో కాంగ్రాకు చేరింది. వాస్తుశిల్పంలో పట్టా లేదు. అరవై ఏళ్ళ వయసులో, మనం అయితే ఇక విశ్రాంతి అనుకునే వయసులో, ఇళ్ళు కట్టించడం పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. సిద్ధబాడిలో నిష్ఠ అనే సంస్థ వైద్యశాల, పాలంపూర్ దగ్గర కండ్‌బాడిలో సంభావనా సంస్థ, బీర్‌లో ధర్మాలయ ఆవిడ రూపకల్పనలే. 2019లో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకుంది. 2021 జూలైలో 91 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ధర్మశాలలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాదులో పడేదానికి మూడు రెట్లకు పైనే. అంత వానలో మట్టి ఇల్లు కరిగిపోదా అని మీరు అడుగుతారు. గోడ అడుగున ఎత్తుగా రాతికట్టు ఉంటుంది కనుక నేల తడి పైకి పాకదు. పైన చూరు బాగా ముందుకు వస్తుంది కనుక జల్లు గోడను తాకదు. కప్పు ఏటవాలుగా ఉంటుంది, నీళ్ళు నిలవవు. ఈ మూడూ ఉంటే పచ్చి ఇటుకల గోడ తరతరాలు ఉంటుంది. ఏ ఒక్కటి లేకపోయినా నాలుగు వానలకు కూలుతుంది. పైగా అడుగున్నర మందాన మట్టిగోడ పగటి ఎండను మింగి రాత్రికి మెల్లగా విడుస్తుంది. అక్కడి చలికాలంలో సన్నటి సిమెంటు గోడల గది ఎలా ఉంటుందో ఒక్క రాత్రి గడిపినవాళ్ళకి తెలుసు. దుప్పటి కప్పుకున్నా గోడే చలి కక్కుతున్నట్టు ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిత్రం ఉంది. కాంగ్రా లోయకు ఉత్తరాన ధౌలాధార్ మంచుకొండలు గోడలా లేచి ఉంటాయి. చలికాలపు ఎండ వచ్చేదేమో దక్షిణం నుంచి. మంచుకొండ కనబడాలంటే ఉత్తరానికి కిటికీ పెట్టాలి, వెచ్చగా ఉండాలంటే దక్షిణానికి పెట్టాలి. హోటళ్ళవాళ్ళు ఉత్తరానికి గోడంతా అద్దం పెట్టి, లోపల కరెంటు హీటర్లు వెలిగిస్తారు. అక్కడి పాత ఇళ్ళవాళ్ళు ఎండవైపు వసారా వేసుకుని, చలికాలమంతా బియ్యం ఏరుకోవడం, అల్లికలు, పిల్లల చదువులు ఆ వసారాలోనే సాగిస్తారు. మంచుకొండ ఎక్కడికి పోతుంది, పెరట్లోకి వెళ్ళి చూసుకోవచ్చు. తూర్పు గుమ్మమే కావాలని పట్టుబట్టే మనవాళ్ళు కొండకు వెళ్తే, గుమ్మం సంగతి ఎలా ఉన్నా కిటికీలు మాత్రం ఎండను అడిగి పెట్టుకోవాలి.

మరి భూకంపం మాటేమిటి? దాచకూడదు. 1905 ఏప్రిల్ 4 తెల్లవారుజామున కాంగ్రాలో వచ్చిన భూకంపానికి సుమారు ఇరవై వేలమంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది పచ్చి ఇటుక, రాతి గోడలూ, వాటి మీది బరువైన పలకరాయి కప్పులే. అంటే మట్టి పవిత్రమూ కాదు, సిమెంటు పాపమూ కాదు. అదే భూకంపాన్ని కులూ లోయలోని నగ్గర్ కోట తట్టుకుని నిలబడింది. ఇప్పుడు అది హోటలు. దాని గోడల్లో ఒక వరుస రాయి, ఒక వరుస దేవదారు దూలం, మళ్ళీ రాయి, మళ్ళీ దూలం. మూలల దగ్గర దూలాలు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. నేల ఊగితే గోడ కూడా కాస్త కదిలి మళ్ళీ సర్దుకుంటుంది. దీన్ని అక్కడ కాఠ్‌కుణీ అంటారు, కర్ర మూల అని అర్థం. ఇప్పుడు అందరూ అలా కట్టాలంటే అంత దేవదారు ఎక్కడిది? అడవి మిగలదు, ఖరీదూ అందదు. అయితే అందులోని కిటుకు తీసుకోవచ్చు. పునాది మీద, గుమ్మాల తలల మీద, కప్పు కింద, ఇంటి చుట్టూ తెగకుండా ఒక పట్టీ వెయ్యాలి. కర్రదైనా, ఇనుము వేసిన కాంక్రీటుదైనా సరే. బుట్ట అల్లేటప్పుడు మధ్యమధ్య గట్టి కట్టు వేస్తాం చూడండి, అలాంటిది. గోడలు నాలుగూ విడివిడిగా పడిపోకుండా అది పట్టి ఉంచుతుంది.

మట్టి ఇళ్ళను మెచ్చుకుంటూ రాసేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తారు. ఆ గోడలను, నేలను ఏటా అలికేది ఎవరు? కొండల్లో ఆ పని ఆడవాళ్ళది. గడ్డి కోసుకు రావడం, పశువులకు మేత వెయ్యడం, కట్టెలు మోయడం అయ్యాక ఇది. అందుకే కాంగ్రా పల్లెల్లో ఏ ఆడపిల్లైనా "నాకు పక్కా ఇల్లు కావాలి" అంటే నాకు ఆశ్చర్యం వెయ్యదు. సంబంధాలు చూసేటప్పుడు మట్టి ఇల్లని వెనకాడేవాళ్ళూ ఉన్నారు. ఆ పిల్లను తప్పుపట్టే హక్కు, సిమెంటు ఇంట్లో పంఖా కింద కూర్చుని మాట్లాడే నాకు లేదు. నేను చెప్పేదల్లా ఏమిటంటే, అలికే పని తగ్గించే మార్గాలూ ఉన్నాయని. వంటగది, స్నానాలగది నేలలకు పలకరాయి పరచవచ్చు. గోడకు సున్నం కలిపిన పూత వేస్తే ఏటా అలకనక్కర్లేదు. చూరు ఇంకో అడుగు ముందుకు లాగితే గోడ తడవదు, తడవని గోడకు పని తక్కువ. ఇల్లు గీసేవాళ్ళు ఆ ఇంట్లో పని చేసేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే ఈ సంగతులన్నీ ముందే తేలుతాయి. ఖర్చు మాటకొస్తే, మట్టి ఇంటికి సరుకు చవక, కూలి ఎక్కువ. సిమెంటుకు పెట్టే డబ్బు లారీలో కొండ దిగిపోతుంది, కూలికి పెట్టినది ఆ ఊళ్ళోనే ఉంటుంది.

ఈసారి మీరు కొండ ఊరికి వెళ్ళి ఏ ఇంట్లోనో, హోటల్లోనో దిగినప్పుడు, ముందున్న దృశ్యం చూశాక ఒక్కసారి ఇంటి వెనక్కి వెళ్ళండి. కోసిన కొండకు అడ్డుగా గోడ కట్టి ఉంటుంది. ఆ గోడకు వరుసగా తూములు ఉన్నాయా చూడండి. లేకపోతే వెనక నానిన నీళ్ళకు దారి లేదన్నమాట. ఉంటే గడ్డీ గాదరా పూడకుండా తెరిచి ఉన్నాయా చూడండి. గోడ కడుపు ముందుకు ఉబ్బిందా, దాని పైనున్న చెట్లు ఇంటివైపు ఒరిగాయా, గచ్చు మీద కొత్త పగులు ఉందా అన్నవి కూడా చూడండి. వాన పడుతున్నప్పుడు తూముల్లోంచి తేట నీళ్ళు వస్తే ఫరవాలేదు, గోడ తన పని చేస్తోంది. బురద నీళ్ళు వస్తుంటే మాత్రం నీళ్ళతోబాటు లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోందని అర్థం. ఆ రాత్రి అక్కడ పడుకోకండి, ఇంటివాళ్ళకూ చెప్పి లేపండి.