రెండు తలల పాము

గోదావరిఖనిలో తొలకరి వాన కురిసిన పిమ్మట పూలకుండీని కదల్చినచో, దాని క్రింద వానపామును బోలిన సన్నని నల్లని ప్రాణి కానవచ్చును. అది జానెడు పొడవైనను లేని గుడ్డిపాము. తోకయు తలవలెనే మొద్దుగా నుండుటచే దీనిని రెండు తలల పామనిరి. విశాఖపట్టణమున దొరకిన యీ పామును పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ఆ తెలుగు పేరుతోనే తన గ్రంథమున వర్ణించెను.

ఈ జాతిలో ఆడపాములే కలవు. జత కూడకయే ఇవి గ్రుడ్లు పెట్టును. పిల్లలన్నియు తల్లిని పోలిన యాడవియే. కుండీమట్టిలో నొక్క పాము పరదేశము చేరినను వంశము నిలుచును.

ఇతర జాతుల ఆడపాములును కోడిపెట్టవలె ఒంటరిగా గ్రుడ్లు పెట్టుట కలదు. అవి తరచుగా మురిగిపోవును. అయినను 2012లో అమెరికాలోని లూయీవిల్ జంతుప్రదర్శనశాలలో మగతోడు లేని కొండచిలువ 61 గ్రుడ్లు పెట్టగా, ఆరు పిల్లలు వెలువడినవి.

గుడ్డిపామునకు విషము లేదు. చీమల గ్రుడ్లును చెదలును దాని యాహారము. దానిని చంపువారు ఒక్క పామును గాక, దానితో రాబోవు వంశమునే నశింపజేయుచున్నారు.