వెలుగుల లెక్క

తళి నుండి హోసూరుకు వెళ్ళినప్పుడు అక్కడి అంతస్తుల ఇండ్లను మీరు చూచే ఉంటారు. అటువంటి భవనంలో దీపాలకు ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో కట్టకముందే లెక్కించవచ్చు. ప్రకృతికి హాని తగ్గించే కట్టడాన్ని ‘హరిత భవనం’ అంటారు. ఆ గుర్తింపు పొందడానికి ఈ లెక్క తోడ్పడుతుంది.

ఇందులో ఒకే భవనాన్ని రెండు విధాలుగా ఊహిస్తారు. మొదటిది సాధారణ దీపాలతో, రెండవది తాము పెట్టదలచిన దీపాలతో. వాట్లను గంటలతో గుణించి 1,000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. మెట్ల దారిలో 20 దీపాలు రోజుకు 12 గంటలు వెలుగుతాయనుకొందాం. ఒక్కొక్కటి 40 వాట్లయితే 9.6 యూనిట్లు, 20 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపాలైతే 4.8 యూనిట్లే. ఏడాదికి 1,752 యూనిట్లు మిగులుతాయి.

అయితే వాడుకలో మార్పు లేనప్పుడు రెండింటిలోను గంటలు సమానంగా ఉండాలి. మొదటిదానికి గంటలు పెంచి చూపితే ఆ పొదుపు కాగితం మీదే నిలుస్తుంది. కాపురమున్నవారు తెచ్చుకొనే దీపాలను కట్టినవారు తమ పొదుపుగా చూపడం కూడ న్యాయం కాదు.

పగటి వెలుతురు కూడ పొదుపే. హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రాన్ని వృత్తాకారంగా, నడుమ ఆరుబయలు వదలి కట్టారు. అందువలన గదులలోకి వెలుతురు ధారాళంగా వస్తుంది. 2004లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. అమెరికా వెలుపల ‘లీడ్’ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనమిదే.

కాని పగలు దీపం ఆర్పకపోతే ఎంత పెద్ద కిటికీ ఉన్నా ఫలమేమి? మీ ఇంటి దీపాల వాట్లు, గంటలు వ్రాసి నెలకెన్ని యూనిట్లగునో లెక్కించి చూడండి.