రెండు దేశముల పౌరసత్వము

మైపాడు, కోడూరు, కృష్ణపట్నము మొదలగు నెల్లూరు తీరగ్రామములనుండి అమెరికాకును, ఆస్ట్రేలియాకును పోయి స్థిరపడినవా రెందరో కలరు. వారిలో కొందరు అచటి పౌరసత్వమును స్వీకరించిరి. అట్టివారిని గూర్చి ఊరివారు వేయు ప్రశ్న యొకటి నేను పలుమారులు వింటిని: “ఆ దేశపు కాగితము వచ్చినది సరే, మన దేశపుదియు ఉన్నదిగదా?”

లేదనియే సమాధానము. స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వమును పొందినవాడు భారత పౌరుడు కాజాలడని మన రాజ్యాంగపు తొమ్మిదవ అధికరణము చెప్పుచున్నది. 1955 నాటి పౌరసత్వ చట్టములోని తొమ్మిదవ సెక్షనునకును అదియే సారము. ఆ దేశమున చేయెత్తి ప్రమాణము చేసి పౌరుడైన నిమిషముననే మన పౌరసత్వము జారిపోవును. అందుల కిచట నే యధికారియు ఆజ్ఞ వ్రాయనక్కరలేదు. ఇంటికి జాబు రానక్కరలేదు. పెట్టెలో భద్రముగా నున్న పాత పాసుపోర్టు పైన గడువింకను మిగిలియుండవచ్చును. దానివలన పౌరసత్వము మిగులదు.

పోయినదని నిర్ణయింపవలసిన వారెవరు? ఈ ప్రశ్న మీదనే నెల్లూరువారి వ్యాజ్య మొకటి సుప్రీము కోర్టు వరకు పోయినది. 1955-56 ప్రాంతమున కొందరు నెల్లూరు నివాసులు పాకిస్తానమునకు పోయి, ఆ దేశపు పాసుపోర్టులతో, వీసాలతో తిరిగి వచ్చిరి. వీసా గడువు తీరినను వారు కదలలేదు. రాష్ట్ర ప్రభుత్వము వెడలిపొమ్మన్నది. తాము పుట్టినది ఈ దేశముననే యని వారు న్యాయస్థానము నాశ్రయించిరి. అన్యదేశపు పాసుపోర్టు పుచ్చుకొనుటయే ఆ దేశ పౌరసత్వమును స్వేచ్ఛగా పొందినట్లు తిరుగులేని సాక్ష్యమని 1956 నాటి నిబంధనలలో నొకటి చెప్పినది. అది చెల్లునని 1962లో సుప్రీము కోర్టు అంగీకరించినది. అయినను కేంద్ర ప్రభుత్వము ముందుగా విచారించి, పౌరసత్వము పోయినదని నిర్ణయించిన పిమ్మటగాని రాష్ట్రము వారిని వెడలగొట్టరాదని అదే సంవత్సరమున నెల్లూరువారి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. నా మట్టుకు ఈ రెండవ మాటయే మిక్కిలి విలువైనది. పుట్టిన ఊరినుండి మనిషిని పంపివేయుట ఠాణాలోని కాగితముతో తేలిపోవు పని కాదు.

ఇక దస్తావేజుల సంగతి. చట్టమున ఎనిమిదవ సెక్షను వేరు, తొమ్మిదవది వేరు. ఇంకను భారత పౌరుడై యుండి, తానే ప్రకటన వ్రాసియిచ్చి, అది నమోదైన పిమ్మట పౌరుడు కాకపోవుట ఎనిమిదవది. అదియే అసలైన పరిత్యాగము. యుద్ధకాలమున అట్టి ప్రకటన నిచ్చినచో, కేంద్రము చెప్పువరకు నమోదు చేయరు. (యుద్ధము వచ్చినంతనే దేశమును విడుచుట కొందరికి సులువుగా తోచునని చట్టము వ్రాసినవా రెరుగుదురు కాబోలు.) మనవారిలో పలువురి స్థితి తొమ్మిదవ సెక్షనుది. వారి పౌరసత్వ మంతకుముందే పోయినది. కాన్సులేటువారు పాసుపోర్టును రద్దుచేసి యిచ్చు పత్రము ఆ సంగతికి సాక్ష్యము మాత్రమే. అయినను ఆ పత్రము లేనిదే తరువాతి పనులు సాగవు. పాత పాసుపోర్టును అట్టిపెట్టుకొని దానితో ప్రయాణము చేయుట 1967 నాటి పాసుపోర్టుల చట్టము ననుసరించి నేరము.

2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసి భారతీయ దివసున ఓసీఐ కార్డుల నిచ్చుట ప్రారంభమైనది. దీనిని కొందరు ద్వంద్వ పౌరసత్వ మందురు. ఆ పేరు తప్పు. ఈ కార్డు కలవాడు జీవితాంతము వీసా లేక రాకపోకలు సాగింపవచ్చును; ఓటు వేయలేడు, శాసనసభకు నిలువలేడు. తండ్రి వదలిన వరిపొలము వారసత్వముగా అతనికి వచ్చును. దాని నానుకొనియున్న కయ్య అమ్మకమునకు వచ్చినచో, విదేశమున కాపురముండగా కొనజాలడు. విదేశమున నున్న భారత పౌరునికిని ఈ నిషేధమే కలదు. తండ్రి పొలమును అమ్మదలచినచో, ఇచట నివసించువానికే అమ్మవలయును.

పిల్లల విషయము తల్లిదండ్రులు మరచుచుందురు. భారతీయులకు విదేశమున పుట్టిన బిడ్డకు, ఏడాదిలోపల కాన్సులేటున నమోదు చేయించినచో, మన పౌరసత్వము లభించును. పుట్టుకచేతనే ఆ దేశపు పౌరసత్వము కూడ వచ్చిన బిడ్డ, పదునెనిమిది సంవత్సరములు నిండిన ఆరు మాసములలో దానిని విడువవలయును. విడువనిచో మనది పోవును. తండ్రి ఎనిమిదవ సెక్షను క్రింద పరిత్యాగము చేసినచో, మైనరు బిడ్డల పౌరసత్వమును దానితో పోవును. వారు పెద్దవారైన ఏడాదిలోపల ప్రకటన చేసి తిరిగి పొందవచ్చును.

పెద్దలు తిరిగి వచ్చుటకును దారి కలదు. ఓసీఐగా నమోదై అయిదేండ్లు గడచి, దరఖాస్తునకు ముందు పండ్రెండు మాసము లిచటనే నివసించినవాడు పౌరసత్వము కోరవచ్చును. అప్పుడు రెండవదానిని వదలుట అతని వంతు. అమెరికా పౌరసత్వమును విడుచువాడు ఆ దేశపు కాన్సులేటునకు స్వయముగా పోయి, అధికారి యెదుట ప్రమాణము చేయవలయును. దానికి రుసుము 450 డాలర్లుండగా 2014లో 2,350 డాలర్లకు పెంచిరి.