పాత చీర - క్రొత్త పరికిణి

ప్రతి ఇంటను అటక మీద ఒక బట్టల మూట ఉండును. అంచు చినిగిన చీరలు, మోకాళ్ళ వద్ద అరిగిన పంట్లాములు, పిల్లలకు పొట్టియైన గౌనులు, రంగు వెలిసిన దుప్పట్లు అందులో చేరుచుండును. ఆ మూట చివరకు ఎక్కడికి పోవుచున్నది? కొంత స్టీలు సామానులు అమ్మువారికి పోవును. కొంత మురుగు కాలువలో పడును. మిగిలినది చెత్తకుప్పలో కాలిపోవును. ఈ మూటను గురించి పంచాయతీ సభ్యులకు కొన్ని విషయములు విన్నవింపదలచినాము.

పూర్వపు వాడుక

పాత బట్టను పారవేయుట మన పెద్దలు ఎరుగరు. మెత్తబడిన నూలు చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టెడివారు. తండ్రి పంచె పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యెడిది. తల్లి పట్టుచీర కూతురికి పరికిణి అయ్యెడిది. వంగదేశపు స్త్రీలు పాత చీరల అంచుల నుండి తీసిన దారముతోనే 'కాంథా' కుట్టుపని చేసిరి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు పాత గుడ్డముక్కలతో కుట్టు 'కవంది' బొంతలు నేడు పేరు గాంచియున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో 1941లో దుస్తులకు రేషను పెట్టిరి. అది 1949 వరకు సాగెను. 1943లో అక్కడి ప్రభుత్వమే, ఉన్న బట్టలను బాగుచేసుకొను విధములు తెలుపు చిన్న పుస్తకమును ప్రజలకు అందించెను. కావున ఇది పేదల పని మాత్రమే కాదు. వస్తువు విలువ నెరిగిన వారందరి పని.

ఇప్పుడు ఈ మాట ఏల?

నేడు చవుక బట్టలలో పాలియెస్టరు పాలు హెచ్చు. నూలుగుడ్డ మట్టిలో చివికి కలిసిపోవును. పాలియెస్టరు ప్లాస్టిక్కు జాతికి చెందినది. ఏండ్ల తరబడి చివుకదు. కాలువకు అడ్డుపడును, కాల్చినచో హానికరమైన పొగ వచ్చును. ఇక నూలు సంగతి చూచినను, ప్రత్తి పైరు మొదలుకొని ఒక్క చొక్కా తయారగు వరకు సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా. అంత నీటిని త్రాగిన గుడ్డను ఒక అగ్గిపుల్లకు అప్పగించుట న్యాయము కాదు.

గుడ్డను పరీక్షించు విధము

ముందుగా ఉతికి ఎండబెట్టి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. పలుచబడిన చోటును సుద్దతో గుర్తించి విడువవలెను. చీరలో నేలకు రాచుకొను అంచు ముందుగా అరుగును. కొంగు, పై అంచు చాలకాలము గట్టిగా నుండును. పోగు జాతి తెలియకున్నచో ఒక దారమును లాగి, పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడవచ్చును. నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పాలియెస్టరు కరిగి గట్టి పూస యగును. పట్టు వెండ్రుక కాలిన వాసన నిచ్చును.

సుమారు అయిదున్నర మీటర్ల చీరలో మూడు మీటర్ల గట్టి భాగము మిగిలినను చిన్న బాలికకు పరికిణి, జాకెట్టు వచ్చును. మంచి అంచును పరికిణి అడుగున అమర్చవలెను. పాత పట్టు మడతల వద్ద పిగులును గనుక నూలు అస్తరు వేయవలెను. పెద్దవారి చొక్కాకు కాలరు అరిగినను వీపు బాగుండును. అది చిన్న బాలుని చొక్కాకు చాలును. పంట్లాము గుడ్డ చేతిసంచులకు తగినది. నీరసించిన గుడ్డకు గట్టి క్రొత్త గుడ్డను జోడింపరాదు. కుట్టు వద్దనే చినుగును. గుండీలు, హుక్కులు ముందుగానే తీసి దాచుకొనవలెను.

గౌరవము ముఖ్యము

ఒకరు విడిచిన బట్టను వేరొకరికి దానమిచ్చుట మన ఊళ్ళలో చిరకాలపు వాడుక. ఇచ్చినవారికి పుణ్యము కలుగునేమో కాని, ఆ బట్టతో బడికి పోయిన బాలికను చూచి "అది మా అక్క గౌను" అని తోటిపిల్లలు గుర్తించినపుడు ఆ పసిమనస్సు ఎంత చిన్నబోవునో ఆలోచింపుడు. అదే గుడ్డను విప్పి, ఆ బాలిక కొలతకు కత్తిరించి, క్రొత్త తీరున కుట్టినచో పాత గుర్తు చెరిగిపోవును. అప్పుడది దానము కాదు. ఆమె కొరకు కుట్టిన దుస్తు.

1999లో అంశు గుప్తా స్థాపించిన 'గూంజ్' సంస్థ ఈ సంగతిని గ్రహించినది. పట్టణములలో సేకరించిన బట్టలను గ్రామములకు భిక్షగా నీయక, బావులు త్రవ్వుట, దారులు బాగుచేయుట వంటి ఊరిపనులు చేసినవారికి ప్రతిఫలముగా నిచ్చు పద్ధతిని నెలకొల్పినది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో గ్రామ, కుటీర పరిశ్రమలును, స్త్రీ శిశు అభివృద్ధియు చేరియున్నవి. కావున ఇది పంచాయతీకి పట్టని పని కాదు. నెలకొక దినమున పాత బట్టలను చెత్తతో కలువనీయక వేరుగా సేకరింపవచ్చును. వానిని మూడు కుప్పలుగా వేరుచేయవలెను: ఉన్నది ఉన్నట్లు కట్టుకొనదగినవి, విప్పి కుట్టదగినవి, తుడుపుగుడ్డలకు మాత్రమే పనికివచ్చునవి. రెండవ కుప్పను మహిళా సంఘములలో కుట్టుపని తెలిసినవారికి అప్పగింపవలెను. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానుల కన్న పలుచని ప్లాస్టిక్ చేతిసంచులు నిషిద్ధములు గనుక, సంతలో గుడ్డసంచులను కూడ అమ్ముకొనవచ్చును.

ఒక్క హెచ్చరిక. గుడ్డ ఊరక వచ్చినదని కుట్టుకూలిని తగ్గింపరాదు. ఉతుకుట, విప్పుట, బాగున్న చోటు వెదకి కత్తిరించుట - వీనికి క్రొత్త గుడ్డ కన్న హెచ్చు పొద్దు పట్టును. కూలి గిట్టనిచో ఈ పని రెండు నెలలైనను నిలువదు. కనుక ధర నిర్ణయించునపుడు కుట్టువారిని కూర్చుండబెట్టుకొని నిర్ణయింపుడు.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. అంతకు ముందుగా మీ ఇంటి అటక మీది మూటను మీరే దింపుడు.